మీ ప్రయోగాన్ని అంతరిక్ష కేంద్రానికి పంపడం ఎలా?

2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి పెసలు, మెంతులు మొలకెత్తించిన దగ్గర్నుంచి నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు: "మా దగ్గరా ఒక ప్రయోగం ఉంది, దాన్ని పైకి పంపాలంటే ఎలా?" అడిగేవాళ్లు మాత్రం ఒక రకం కాదు. విత్తనాల మీద పని చేసే వ్యవసాయ కాలేజీ మేడమ్, ప్రొటీన్ స్ఫటికాలు పెంచాలనుకునే చిన్న మందుల కంపెనీ, సొంతంగా సెన్సార్ తయారుచేసుకున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లు, అమెరికాలో పిల్లలకు సైన్స్ క్లబ్ నడిపే ఒక నాన్న. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి పనికిరాదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఈ పనిని పేలోడ్ ఇంటిగ్రేషన్ అంటారు. పేలోడ్ అంటే మీ ప్రయోగం ఉన్న పెట్టె. కేంద్రంలోని కరెంటుకు, గాలికి, కంప్యూటర్లకు, అక్కడ ఉండే మనుషుల భద్రతకు ఆ పెట్టె సరిపడేలా చేయడమే ఇంటిగ్రేషన్. పెళ్లి సంబంధం కుదర్చడం లాంటిదే ఇది. రెండు వైపుల వాళ్ల పట్టింపులు ముందే అడిగి తెలుసుకుంటే పందిట్లో గొడవ రాదు. కొన్నేళ్లుగా నేను ఈ మధ్యవర్తి పనిలోనే ఉన్నాను. నా కళ్లముందు దెబ్బతిన్న ప్రయోగాల్లో చాలావరకు సైన్స్ బాగానే ఉంది. అడగాల్సిన ప్రశ్న ఆలస్యంగా అడగడం వల్లే అవి పోయాయి.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఒకే ఒక్క పేజీలో ప్రయోగ వివరణ. బరువు తెలియని స్థితిలోనే ఇది ఎందుకు చేయాలి, ఏం కొలుస్తారు, ఎన్ని రోజులు నడవాలి. పేజీ దాటిందంటే మీకే ఇంకా స్పష్టత రాలేదని అర్థం.
- పెట్టెలో ఉండే ప్రతి పదార్థం జాబితా. రసాయనాలు, విత్తనాలే కాదు, జిగురు, టేపు, వైరు పైతొడుగు, ప్లాస్టిక్ రకం కూడా. ఎంత పరిమాణమో మిల్లీలీటర్లలో, గ్రాముల్లో రాయాలి.
- నాలుగు అంకెలు: బరువు, కొలతలు, ఎన్ని వాట్ల కరెంటు, ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత వరకు తట్టుకుంటుంది.
- కనీసం ఇద్దరు మనుషులు. ఒకరు సైన్స్ చూసేవాళ్లు, ఇంకొకరు కాగితాలు, పరీక్షలు చూసేవాళ్లు. రెండూ ఒకే ప్రొఫెసర్ నెత్తిన పడితే రెండూ కుంటుపడతాయి.
- కవల పెట్టె. పైకి వెళ్లేదానితో అచ్చంగా సమానమైనది ఇంకొకటి కింద ఉండాలి. వీలైతే మూడోది కూడా.
- సమయం. చిన్న పెట్టెకు సాధారణంగా ఏడాది పడుతుంది. వ్యోమగామి చేయి పడాల్సిన పెద్ద యంత్రానికి రెండేళ్లు, ఆ పైన.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాణిజ్య అవసరాలకు వచ్చేవాళ్ల కోసం నాసా 2019లో ఒక ధరల పట్టిక ఇచ్చింది, 2021లో దాన్ని బాగా పెంచింది. 2021 పట్టికలో కిలో సరుకు పైకి తీసుకెళ్లడానికి 20,000 డాలర్లు, కిందికి తేవడానికి 40,000 డాలర్లు, వ్యోమగామి సమయం గంటకు 1,30,000 డాలర్లు. అందరూ ఇంత కట్టక్కర్లేదు, పరిశోధనలకు సాయం చేసే పథకాలు ఉన్నాయి. అయినా ఈ మూడు అంకెలు మనసులో పెట్టుకోండి. పైకి పంపడం కంటే కిందికి తేవడం ఖరీదు, రెండిటికంటే మనిషి చేయి ఖరీదు. కింద చెప్పే ప్రతి అంచెలోనూ ఈ లెక్కే పని చేస్తుంది.

1. చివర్లో మీ చేతికి ఏం రావాలో ముందు రాసుకోండి

అందరూ "ఏ రాకెట్‌లో వెళ్తుంది?" అనే మొదలుపెడతారు. మీరు అటు చివర నుంచి మొదలుపెట్టండి. ప్రయోగం అయిపోయాక మీ టేబుల్ మీద ఏం ఉండాలి? అంకెలు, ఫొటోలు చాలా? శాంపిలే కావాలా? కావాలంటే మామూలుగానా, గడ్డకట్టించా, ప్రాణంతోనా?

ఎందుకంటే పైకి వెళ్లే బండ్లన్నీ వెనక్కి రావు. సరుకులు తీసుకెళ్లే సిగ్నస్, ప్రోగ్రెస్ నౌకలు తిరుగుదారిలో చెత్తతో సహా వాతావరణంలో కాలిపోతాయి. ఎక్కువ సరుకును భద్రంగా సముద్రంలోకి దించేది స్పేస్‌ఎక్స్ వాళ్ల డ్రాగన్ నౌక. శాంపిళ్లు వెనక్కి కావాలన్న వాళ్లంతా అందులో చోటు కోసమే చూస్తారు. గడ్డకట్టిన శాంపిల్ అయితే పోటీ ఇంకా ఎక్కువ. కేంద్రంలో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉంది కానీ అందులోంచి డ్రాగన్‌కు, డ్రాగన్ నుంచి మీ ల్యాబ్‌కు ఆ చల్లదనం ఎక్కడా తెగకుండా రావాలి.

కాబట్టి శాంపిల్ తప్పనిసరా అని మిమ్మల్ని మీరు గట్టిగా అడగండి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వాళ్లు ఎనిమిది అలసంద గింజలను మూసిన పెట్టెలో పైకి పంపినప్పుడు వెనక్కి తెచ్చుకునే దారే లేదు. కెమెరా పెట్టారు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్లు పెట్టారు. నాలుగో రోజుకు గింజలు మొలకెత్తాయి, తర్వాత ఆకులూ వచ్చాయి. తెలుసుకోవాల్సింది తెలిసింది. అదే మీ ప్రశ్న "మొలకలో ఏ జన్యువు మేల్కొంది?" అయితే కెమెరా చాలదు, శాంపిల్ తెచ్చుకోవాల్సిందే.

సరిచూసుకోండి: "నాకు ఫలానాది, ఫలానా స్థితిలో, ఫలానా రోజులోపు అందాలి" అని ఒక్క వాక్యంలో రాయగలిగితే ఈ అంచె పూర్తయినట్టు.

2. మీకు తగిన దారి ఎంచుకోండి

*మన దేశంలో కాలేజీ లేదా స్టార్టప్, డేటా చాలు.* మీకు అన్నిటికంటే దగ్గరి దారి పోయెమ్. ఇది అంతరిక్ష కేంద్రం కాదు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ ఉపగ్రహాలను వదిలేశాక వృథాగా పోకుండా, దానికే సౌర ఫలకాలు, కంప్యూటర్ పెట్టి ప్రయోగాల బల్లగా మార్చారు. మొదటిది 2022లో వెళ్లింది. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లోని పోయెమ్-4 మీద 24 పేలోడ్లు ఉన్నాయి. అలసందలు వెళ్లింది దాని మీదే. హైదరాబాద్ కంపెనీలు ధ్రువ స్పేస్, టేక్‌మీటుస్పేస్ తమ పరికరాలను పరీక్షించుకున్నదీ పోయెమ్‌ల మీదే. ప్రైవేటు సంస్థలు, కాలేజీలు ఇన్-స్పేస్ ద్వారా అడగాలి. అంతరిక్ష రంగంలోకి వచ్చే ప్రైవేటు వాళ్లకు అనుమతులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ అది. తర్వాతిది ఎప్పుడు వెళ్తుందో వాళ్ల ప్రకటనల్లో చూసుకోండి. ముందుముందు అంతరిక్ష కేంద్రానికి వెళ్దామన్న ఆలోచన ఉన్నా సరే, మొదటి పాఠం ఇక్కడ నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

*చిన్న ప్రయోగం, దానంతట అది నడిచేది.* పది సెంటీమీటర్ల ఘనం మీ కొలత. ఒక చేతిలో పట్టేంత పెట్టె. నానోరాక్స్, స్పేస్ టాంగో, యూరప్ విభాగం కొలంబస్‌లో ఐస్ క్యూబ్స్ లాంటి సేవలు ఇలాంటి పెట్టెలను తీసుకుంటాయి. చోటు ఎక్కువ కావాలంటే రెండు, నాలుగు ఘనాలు కలుపుకోవచ్చు. ఐస్ క్యూబ్స్‌లో మీ ల్యాబ్‌లో కూర్చునే పైనున్న పెట్టెతో మాట్లాడే వీలుంది.

*పెద్ద యంత్రం, లేదా వ్యోమగామి చేయి కావాలి.* ఎక్స్‌ప్రెస్ ర్యాక్‌లు మీ చోటు. ఇవి 2001 నుంచి కేంద్రంలో ఉన్నాయి. బీరువాలో అరల్లాగా లాకర్లు, 28 వోల్టుల కరెంటు, డేటా, చల్లబరిచే ఏర్పాటు ఉంటాయి. ద్రవాలు కలపడం, శాంపిళ్లు మార్చడం లాంటి పనులు బయటికి ఏదీ చిందకుండా చేయడానికి 2002 నుంచి గ్లవ్‌బాక్స్ కూడా ఉంది.

*బయటి శూన్యం, రేడియేషన్ కావాలి.* కొలంబస్‌కు బయట ఎయిర్‌బస్ వాళ్ల బార్టోలోమియో వేదిక ఉంది. పదార్థాల పరీక్షలకైతే కేంద్రం బయటే ఇంకోచోట మిస్సే అనే ఏర్పాటు ఉంది.

*స్కూలు పిల్లలు.* విద్యార్థుల ప్రయోగాలను అంతరిక్షానికి పంపడానికి అమెరికాలో 2010 నుంచి నడుస్తున్న ఎస్‌ఎస్‌ఈపీ కార్యక్రమం చూడండి. అందులో ప్రయోగమంతా ఒక సిలికోన్ గొట్టంలో జరుగుతుంది. మధ్యలో క్లిప్పులు. వ్యోమగామి క్లిప్పు తీస్తే రెండు ద్రవాలు కలుస్తాయి, అంతే. నాకు ఎంతో నచ్చిన డిజైన్ ఇది. పిల్లలకు ఏం అందుబాటులో ఉందో ముందే గీత గీసి, ఆ గీతలోపల వాళ్ల ఊహకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు.

*ఉచిత అవకాశాల కోసం చూసే విశ్వవిద్యాలయాలు.* ఐక్యరాజ్యసమితి అంతరిక్ష విభాగం ప్రకటనలు గమనిస్తూ ఉండండి. వర్ధమాన దేశాల చిన్న ఉపగ్రహాలను జపాన్ విభాగం కిబో నుంచి వదిలే పథకం ఒకటి ఉంది. ఇదే విభాగం ద్వారా చైనా అంతరిక్ష కేంద్రానికి 2019లో ఎంపికైన తొమ్మిది ప్రాజెక్టుల్లో బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ భాగస్వామిగా ఉన్నది ఒకటి.

జాగ్రత్త: అంతర్జాతీయ కేంద్రంలోని అమెరికా నేషనల్ ల్యాబ్ పేరుతో వచ్చే రాయితీలు అక్కడి సంస్థల కోసం. భారత్‌లోని సంస్థ నేరుగా దరఖాస్తు పెట్టి ఆరు నెలలు ఎదురుచూసి నిరాశపడటం నేను చూశాను. ఇక్కడి వాళ్లు ఇస్రో ప్రకటనల ద్వారా గానీ, వాణిజ్య సేవల ద్వారా గానీ వెళ్లాలి.

ఇంకో మాట. ఇప్పుడున్న అంతర్జాతీయ కేంద్రాన్ని 2030 వరకు నడిపి ఆ తర్వాత కిందికి దించేయాలన్నది ప్రణాళిక. మన భారతీయ అంతరిక్ష స్టేషన్ తొలి భాగం 2028లో, మొత్తం 2035 నాటికి అనుకుంటున్నారు. కాబట్టి పెట్టెను ఒకే కేంద్రానికి అతికినట్టు చేయకండి. ప్రయోగం ఉండే లోపలి భాగం వేరు, కరెంటు, డేటా కలిపే బయటి భాగం వేరు అన్నట్టు కట్టుకుంటే, రేపు ఇంకో కేంద్రానికి బయటిది మార్చుకుంటే చాలు.

3. మధ్యవర్తిని ఎంచుకుని, ఈ ప్రశ్నలు అడగండి

కొత్తవాళ్లు నేరుగా నాసాతో కాగితాలు నడపడం చాలా కష్టం. మీ తరఫున ఆ పని చేసే సంస్థను అమలు భాగస్వామి అంటారు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అడగాల్సినవి:

- సేఫ్టీ కాగితాలు ఎవరు రాస్తారు, మీరా మేమా?
- ధరలో ఏ పరీక్షలు కలిసి ఉన్నాయి, ఏవి లేవు?
- ప్రయాణం వాయిదా పడితే కొత్త శాంపిల్ తయారుచేసే ఖర్చు ఎవరిది?
- డేటా ఎవరిది? మందుల కంపెనీలు ఇది మొదటే తేల్చుకోవాలి.
- మాలాంటి ప్రయోగాన్ని ఇంతకు ముందు పంపారా? పంపితే ఏం తప్పు జరిగింది?

చివరి ప్రశ్నకు "ఏ తప్పూ జరగలేదు" అని జవాబిస్తే ఇంకొకరిని కూడా కలవండి.

4. ప్రయోగాన్ని పెట్టెకు సరిపడేలా మార్చండి

నిజమైన కష్టం ఇక్కడే. ల్యాబ్‌లో నడిచింది పైన నడవకపోవడానికి మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

*వేడి.* కింద వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి చల్లగాలి వస్తుంది. మీ సర్క్యూట్ బోర్డు మీకు తెలియకుండానే ఆ గాలితో చల్లబడుతోంది. పైన వేడి గాలి లేవదు, చిప్ చుట్టూనే దుప్పటిలా ఉండిపోతుంది. ఫ్యాన్ పెట్టాలి, లేదా వేడిని లోహం గుండా పెట్టె గోడకు లాగాలి. ఆ గోడ కూడా చేత్తో ముట్టుకునేదైతే 45 డిగ్రీలు దాటకూడదు.

*బుడగలు.* ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఒక బృందం ద్రవంలో ప్రొటీన్ పెరుగుదలను ఒక చిన్న కిటికీ గుండా ఫొటో తీసేలా పెట్టె చేసింది. ల్యాబ్‌లో సిరంజి నింపేటప్పుడు మనం ఏం చేస్తాం? మొనను పైకి పట్టుకుని గోరుతో టక్ టక్ మని కొడతాం, బుడగ పైకి వస్తుంది, పిస్టన్ నొక్కి బయటికి పంపేస్తాం. వాళ్లూ అలాగే నింపారు. గోడకు అంటుకున్న ఆవగింజంత బుడగలు రెండు మిగిలాయి, ఎవరూ పట్టించుకోలేదు. పైన "పైకి" అన్నదే లేదు కాబట్టి అవి ఎటూ పోలేదు. కలిసి ఒకటై, సరిగ్గా కెమెరా కిటికీ ముందు కూర్చున్నాయి. తర్వాత వచ్చిన ఫొటోలన్నిటిలో గుండ్రటి అంచు ఒకటే కనిపించింది. ఆ రోజు వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

దీనికి మందు: ద్రవంలో కరిగిన గాలిని ముందే వ్యాక్యూమ్‌లో తీసేయండి. గట్టి సీసాకు బదులు గాలి లేకుండా నిండే మెత్తటి సంచి వాడండి. కదిలే దారిలో బుడగను ఆపే జల్లెడ పొర పెట్టండి. కిటికీని మూలలకు, వంపులకు దూరంగా పెట్టండి.

సరిచూసుకోండి: నింపిన పెట్టెను తలకిందులుగా, పక్కకు, ఏటవాలుగా ఆరు దిక్కులకూ తిప్పి నడపండి. ఏ దిక్కున పెట్టినా ఒకేలా పని చేస్తే పైన కూడా చేసే అవకాశం బాగా ఉంది. ఏ ఒక్క దిక్కులో ఆగినా మీ ప్రయోగం గురుత్వాకర్షణ మీద ఆధారపడుతోందన్నమాట. ఖర్చు లేని పరీక్ష ఇది, దయచేసి వదలకండి.

*కరెంటు పోవడం.* కేంద్రంలో కూడా కరెంటు ఆపుతారు. నిర్వహణ కోసం, లేదా మీ పెట్టెను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు. ఆగి వచ్చాక మీ ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవ్వాలి. మొదటి నుంచి మొదలైతే రెండోసారి నీళ్లు పోసి మొలకలను కుళ్లబెడుతుంది. పది సార్లు ప్లగ్ పీకి, పది సార్లు పెట్టి చూడండి. చిన్న ఘనాలకు దొరికేది ఫోన్ ఛార్జర్ లాంటి 5 వోల్టుల కరెంటు, రెండు వాట్ల చుట్టుపక్కలే అని కూడా గుర్తుంచుకోండి. ఒక్క హీటర్ పెడితే అది అయిపోతుంది.

5. సేఫ్టీ రివ్యూను మొదటి రోజు నుంచే చూసుకోండి

మీ ప్రయోగం విజయవంతమవుతుందా అన్నది సేఫ్టీ ప్యానెల్ చూడదు. మీ పెట్టె వల్ల మనుషులకు, కేంద్రానికి హాని జరుగుతుందా అన్నది ఒక్కటే చూస్తుంది. సున్నా నుంచి మూడు వరకు దశలు ఉంటాయి. మొదట్లో ఆలోచన చూపిస్తారు, చివరిదానికి తయారైన పెట్టె, పరీక్షల రుజువులు చూపించాలి.

వాళ్ల లెక్క ఇలా ఉంటుంది. ప్రాణం పోయేంత ప్రమాదం ఉంటే, రెండు రక్షణలు ఒకేసారి విఫలమైనా ఇంకా ఒకటి కాపాడాలి. విషపదార్థాలకు పొరల లెక్క. హాని లేనిదైతే ఒక పొర, హాని పెరిగే కొద్దీ రెండు, మూడు. మూడు సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టినట్టు అనుకోండి. అయితే ప్రతి పొరకూ లీకు లేదని విడిగా రుజువు ఉండాలి.

కొత్తవాళ్లకు తట్టనివి:

- ఆల్కహాల్. కేంద్రంలో గాలిలోని తేమను పట్టి తాగునీరు చేస్తారు. మీ పెట్టెలోంచి ఆవిరైంది చివరికి ఆ నీటి శుద్ధి యంత్రానికే చేరుతుంది. శాంపిళ్లను భద్రపరచడానికి ఆల్కహాల్ వాడే పద్ధతి ఉంటే వేరే దారి ఇప్పుడే వెతకండి.
- గాజు. పగిలితే ముక్కలు కింద పడవు, గాలిలో తేలి కళ్లలోకి వస్తాయి. ప్లాస్టిక్‌కు మారండి, తప్పనిసరైతే పూర్తిగా కప్పేయండి.
- లిథియం బ్యాటరీలు. ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, నెలలు పడతాయి. కేంద్రం కరెంటుతో సరిపెట్టుకోగలిగితే బ్యాటరీ తీసేయండి.
- జిగుర్లు, ప్లాస్టిక్‌లు. మూసిన గదిలో వాటిలోంచి వచ్చే వాయువులకు, మంట అంటుకునే గుణానికి పరీక్ష ఉంటుంది. బజార్లో దొరికిన జిగురు వాడితే దాని చరిత్ర ఎవరూ చెప్పలేరు.
- పదునైన అంచులు. చేతి తొడుగు చిరగకూడదు. దూది ఉండను పెట్టె అంచుల వెంబడి రుద్దండి. పోగులు చిక్కుకున్న చోట ఆకురాయి పట్టండి.

అన్నిటికంటే పెద్ద తప్పు, మధ్యలో పదార్థం మార్చి చెప్పకపోవడం. "అదే రసాయనం, గాఢత కొంచెం పెంచాం, అంతే" అంటారు. గాఢత మారితే ప్రమాద స్థాయి మారవచ్చు, పొరల లెక్క మారవచ్చు, అప్పుడు పెట్టే మారిపోతుంది. జాబితా మారిన రోజే మధ్యవర్తికి రాయండి.

6. వ్యోమగామి చేసే పనిని నిమిషాల్లోకి కుదించండి

ముందు అసలు ఆ చేయి లేకుండా కుదురుతుందా చూడండి. తప్పకపోతే, ప్రతి అడుగూ విడిగా రాయండి. ఒక వాక్యంలో ఒకే పని. "నీలం మూత తీయండి. సంచి 1ని రంధ్రం ఏకి తగిలించండి. 10 మిల్లీలీటర్లు నెట్టండి. ఫొటో తీయండి." మూతలకు రంగుతో పాటు అంకె కూడా ఉండాలి. లేబుళ్లను ఆమోదించడానికి నాసాలో ప్రత్యేకంగా ఒక బృందమే ఉంది, మీ ఇష్టం వచ్చిన స్టిక్కర్ కుదరదు.

సరిచూసుకోండి: ఆ కాగితాన్ని, పెట్టెను మీ ప్రయోగం గురించి ఏమీ తెలియని మనిషికి ఇవ్వండి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే ఇంకా మంచిది. చేతులకు తొడుగులు వేసుకోమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఆమె ఎక్కడ ఆగి మీ వైపు చూసిందో అక్కడ కాగితం తప్పు. పట్టిన సమయాన్ని గడియారంతో కొలవండి, పైన అంతకంటే ఎక్కువే పడుతుంది. మూత తీసి ఎక్కడ పెట్టాలి అన్నది కూడా రాయండి. పైన బల్ల మీద పెడితే అది అక్కడ ఉండదు. మూతకు తాడు కట్టండి, లేదా అతుకుపట్టీ పెట్టండి.

7. పరీక్షలు

ప్రయాణంలో కుదుపును తట్టుకుంటుందా అన్న వైబ్రేషన్ పరీక్ష, వేరే పరికరాలకు అడ్డు వచ్చే విద్యుత్ తరంగాలు వదులుతుందా అన్న పరీక్ష, శబ్దం, లీకు, వేడి. ఏవి అవసరమో మధ్యవర్తి చెబుతారు. ఒక చిట్కా: పెట్టెను గోడకు బిగించి పంపే బదులు నురుగు పొరల మధ్య సంచిలో పంపేలా చూసుకుంటే కుదుపు బాగా తగ్గుతుంది. వైబ్రేషన్ తర్వాత పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదైనా గలగలమంటే స్క్రూ ఊడినట్టే.

చివరగా పూర్తి రిహార్సల్. పైన 30 రోజులు నడవాలంటే కింద 30 రోజులు, అసలు ద్రవాలతో, అసలు విత్తనాలతో నడపండి. మూడు రోజులు నడిపి "బాగానే ఉంది" అనుకుని పంపితే, నాచు నాలుగో వారంలో గొట్టాన్ని మూసేస్తుందన్న సంగతి పైనే తెలుస్తుంది.

8. అనుమతులు, పార్సిల్

మన దేశం నుంచి విత్తనాలు, సూక్ష్మజీవులు విదేశాలకు వెళ్తుంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలేమో చూసుకోండి. అవతలి దేశం దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కూడా. ఎలక్ట్రానిక్స్‌కు ఎగుమతి నియంత్రణ నిబంధనలు వేరు. మనుషుల మీద చేసే ప్రయోగమైతే నైతికత కమిటీల ఆమోదం రెండు వైపులా కావాలి. ఇవన్నీ ఇంజినీరింగ్‌తో పాటే మొదలుపెట్టండి. పెట్టె సిద్ధమై కస్టమ్స్‌లో కూర్చుంటే లోపలి కణాలు చచ్చిపోతాయి.

9. వాయిదాకు సిద్ధంగా ఉండండి

శుభాంశు శుక్లా ప్రయాణం 2025 మే 29న అనుకున్నారు. వాతావరణం, రాకెట్‌లో ఆక్సిజన్ లీకు, కేంద్రంలో ఒక భాగంలో గాలి లీకు, ఇలా వాయిదాలు పడుతూ జూన్ 25కి వెళ్లింది. దాదాపు నాలుగు వారాలు. మీ శాంపిల్ నాలుగు వారాలు ఆగగలదా?

విత్తనాలు, పొడి పదార్థాలు ఆగుతాయి. కణాలు ఆగవు. వాటిని లాంచ్‌కు ముందు దాదాపు ఒక రోజు వ్యవధిలో ఎక్కించే ఏర్పాటు ఉంది. కానీ ఆ అవకాశం పరిమితం, మొదట్లోనే అడిగి పెట్టుకోవాలి. లాంచ్ దగ్గరి ఊళ్లో చిన్న ల్యాబ్, రెండు మూడు విడతలకు సరిపడా కణాలు, మార్చడానికి మనుషులు ఉండాలి. ఇక్కడ ఖర్చు తగ్గించుకోవాలని చూసిన వాళ్లు తర్వాత బాధపడటమే చూశాను.

10. పైన నడుస్తున్నప్పుడు

కింద కవల పెట్టెను కూడా అదే టైముకు, లేదా ఒకటి రెండు రోజుల ఆలస్యంతో మొదలుపెట్టండి. ఆలస్యంగా మొదలుపెడితే లాభం ఉంది. పైన ఉష్ణోగ్రత ఎలా మారిందో డేటా చూసి, కింద అచ్చం అలాగే మార్చవచ్చు. మొక్కల మీద పని చేసేవాళ్లు ఒకటి మరవకండి: కేంద్రంలో కార్బన్ డయాక్సైడ్ మన గాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కవల పెట్టెను మామూలు గదిలో పెడితే వచ్చిన తేడా బరువు లేకపోవడం వల్లా, గాలి వల్లా తేల్చలేరు.

సిగ్నల్ మధ్యమధ్యలో తెగుతుంది, అది మామూలే. డేటా ముందు పెట్టెలోనే భద్రమై, తర్వాత కిందికి రావాలి. రోజూ ఒకే సమయానికి ఒకరు చూసి రాసిపెట్టాలి. వ్యోమగాముల వ్యాయామం, నౌకలు వచ్చి తగలడం, కేంద్రాన్ని పై కక్ష్యకు నెట్టడం లాంటివి స్ఫటికాలను కదిలిస్తాయి. ఆ సమయాలు అడిగి తెచ్చుకుని మీ గ్రాఫ్ మీద గుర్తు పెట్టుకోండి.

11. తిరిగొచ్చాక

డ్రాగన్ సముద్రంలో దిగేటప్పుడు కుదుపు ఉంటుంది, అంతకు ముందు, వాతావరణంలోకి ప్రవేశించినప్పటి నుంచే మీ శాంపిల్‌కు మళ్లీ బరువు తెలియడం మొదలవుతుంది. అందుకే పైనే గడ్డకట్టించడమో, రసాయనంతో స్థిరపరచడమో చేయగలిగితే మేలు. లేకపోతే దిగిన గంట, మీ చేతికి అందిన గంట రెండూ నోట్ చేయండి.

పెట్టె చేతికి రాగానే తెరవాలనిపిస్తుంది. ఆగండి. ముందు బయటి సీళ్లను అన్ని వైపుల నుంచీ ఫొటో తీయండి. బరువు తూచి, వెళ్లేటప్పటి బరువుతో పోల్చండి, తేడా ఉంటే లీకు. ప్రయాణంలో ఉష్ణోగ్రత రాసుకున్న లాగర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎక్కడైనా గీత పైకి ఎగిరిందేమో చూడండి. కవల పెట్టెను తెచ్చి పక్కన పెట్టుకోండి. రెండింటినీ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే పద్ధతిలో తెరవాలి. వీలైతే ఏది పైకి వెళ్లొచ్చిందో తెలియకుండా, కొలతలు తీసే మనిషికి ఏ, బీ అని మాత్రమే రాసి ఇవ్వండి. ఆ తర్వాత మూత తీయండి.